లవంగం, వాము

ఆమె తన గాజు పళ్లెం కిటికీ వెలుతురుకు ఎత్తి చూసినప్పుడల్లా నా కడుపు మండేది.

బీదర్‌లో ఎమ్మెస్సీ చదివే రోజులవి. ఇద్దరం జహీరాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లమే, ఒకే గదిలో ఉండేవాళ్లం. మాంసంలో జబ్బులు తెచ్చే బ్యాక్టీరియాను మొక్కల రసాలతో అదుపు చేయడం మా ప్రాజెక్టు. నాది లవంగం, ఆమెది వాము. పళ్లెంలో బ్యాక్టీరియాను పెంచి, రసంలో ముంచిన కాగితం బిళ్ల పెడితే, తెల్లారేసరికి దాని చుట్టూ అవి చచ్చినంత మేర ఖాళీ వలయం కనిపిస్తుంది. ఆమె వలయం ఎప్పుడూ నాదానికంటే వెడల్పే.

"నీది గూడ మంచిగనే వచ్చిందే" అనేది. ఆ ఓదార్పుకే నాకు ఇంకా ఒళ్లు మండేది.

అప్పట్లో హైదరాబాద్‌లో ఎటు చూసినా కొత్త కంపెనీలే. ప్యాకెట్లలో మాంసం అమ్మే కంపెనీ ఒకటి ఉద్యోగానికి మాలో ఒక్కరిని పంపమని మా సార్‌ను అడిగింది. ఆ ఒక్కరూ నేనే కావాలి. ఆమె అసలు కాకూడదు.

తర్వాత కీమాలో పరీక్ష. పళ్లెంలో పులిలా ఉన్న ఆమె వాము కీమాలో పిల్లి అయింది, కొవ్వు దాని బలమంతా మింగేసింది. నాకు పండగే. కానీ నా లవంగం గతీ అంతే. పాళ్లు పెంచితే బ్యాక్టీరియా తగ్గింది గానీ, బ్యాక్టీరియా కలపని కీమాను అవే పాళ్లతో వండి రుచి చూస్తే పంటినొప్పి మందు తిన్నట్టుంది.

"నీ లవంగం రసం జర ఇయ్యవే. రెండూ కొంచెం కొంచెం కలిపి చూస్త" అంది ఆమె.

ఇవ్వనని ఏ మొహంతో అంటాను? ఇచ్చాను. బ్యాక్టీరియా తగ్గింది, కూర కమ్మగానే ఉంది. సార్ రెండోసారి వడ్డించుకుని, ఈ ఆలోచన ఎవరిదని అడిగారు.

"ఆలోచన నాది, లవంగం రసం ఈమెది సార్."

ఒక్క అబద్ధం చెప్పి ఉంటే జీవితాంతం హాయిగా తిట్టుకునేదాన్ని. ఆ సుఖం కూడా దక్కనివ్వలేదు. సొమ్మొకరిది సోకొకరిది అనుకుంటూనే ఆమె పెట్టెను హైదరాబాద్ బస్సెక్కించాను.

ఇప్పుడు భాల్కిలో నా వంటింట్లో కీమా వండుతుంటే మా అత్త అంటుంది, "జర వాము గూడ ఎయ్యరాదు, అరుగుతది."

వేస్తాను. వాము వేసిన రోజు లవంగాల డబ్బా మూత తియ్యను.