మామ పొలంలో పాకిడెర్ములు

తొంభైల చివర్లో, నేను మదనపల్లెలో డిగ్రీ చదివే కాలంలో, ఎవరైనా సులువైన ఇంగ్లీషు మాట్లాడితే నాకు జాలేసేది. 'బిగ్' అనే మాటను నేను ముట్టుకునేవాణ్ణి కాదు. 'కొలోసల్' అనేవాణ్ణి. పాత పుస్తకాల అంగట్లో కొన్న లావుపాటి డిక్షనరీని పుంగనూరు బస్సులో పక్కవాళ్లకు కనబడేలా ఒళ్లో తెరిచి, దారి పొడవునా మాటలు మింగేవాణ్ణి. (అవి అరగలేదని తర్వాత తెలిసింది.) పుంగనూరులో మా అమ్మేమో "మావోడు నిద్రలో గూడా ఇంగ్లీషే పలవరిస్తాడమ్మా" అని వీధంతా చెప్పుకునేది.

ఆ కీర్తి రామకుప్పం దగ్గరి పల్లెలో ఉన్న మా మేనమామ దాకా పాకింది. ఒకసారి సెలవుల్లో నేను అక్కడికి వెళ్లేసరికి, అడవి నుంచి దిగిన ఏనుగులు కోతకొచ్చిన ఆయన రాగిచేనును తిన్నంత తిని, మిగిలింది తొక్కి పోయాయి. మామ గట్టు మీద కూలబడి ఉన్నాడు. నన్ను చూసి, "అల్లుడా, నష్టపరిహారం ఇస్తారంట. కుప్పంలో ఫారెస్టోళ్లకు ఒక అర్జీ రాసీప్పా. నువ్వు ఇంగ్లీషులో రాస్తే ఎమ్మటే సూస్తారు" అన్నాడు.

'ఏనుగులు చేను తినేశాయి' అని రాయడానికి నేనెందుకు? ఏనుగుకు 'పాకిడెర్మ్' అనే మాట నా దగ్గర సిద్ధంగా ఉంది. విధ్వంసానికి 'కార్నేజ్' అయితే ఉరిమినట్టుంటుందనిపించింది. నా పొలంలో 'కార్నేజ్ ఆఫ్ పాకిడెర్మ్స్' జరిగింది అని మామ తరఫున మొదలుపెట్టి, ఆయన చేత సంతకం పెట్టించాను. "ఏం రాసినావప్పా?" అని అడిగితే, "నీకర్థం కాదులే మామా" అన్నాను. (ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

అర్జీ ఇచ్చిన మర్నాడే ఫారెస్టోళ్ల జీపు వచ్చింది. అంతా నా ఇంగ్లీషు మహిమే అనుకుని, చొక్కా మార్చుకుని మరీ బయటికొచ్చాను. రేంజరు మామను వాకిట్లో నిలబెట్టి, "ఎన్నింటిని సంపినావు? దంతాలు యాడ దాసినావు?" అని గద్దిస్తున్నాడు. కార్నేజ్ అంటే ఊచకోత. నేను రాసిన తీరులో చదివితే, పొలంలో ఏనుగుల ఊచకోత జరిగిందని మామే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు!

"మా యింట్లో దంతాలు యాడివి సార్? మా యమ్మకుండే పండ్లే రాలిపాయ" అని మామ చేతులు జోడించాడు. గార్డులు గడ్డివాములో కర్రలు గుచ్చి వెతుకుతున్నారు. అత్త ఏడుస్తోంది. ఊరంతా పోగయింది. డిక్షనరీ మొత్తం మింగిన నేను అత్త వెనక నక్కాను.

రేంజరు చేనులోకి నడిచి, అడుగుల గుంతలూ, పేడకుప్పలూ చూసుకుని తిరిగొచ్చాడు. "ఇది రాసింది ఎవరు?" అని అడిగాడు. అప్పటికి గానీ నా చెయ్యి లేవలేదు.

"ఏం సదువుతాండావు?"

"బీఏ, ఇంగ్లీషు లిటరేచర్ సార్."

ఆయన టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. కాసేపటికి తెల్లకాగితం ఒకటి నా చేతికిచ్చి, "ఏనుగులొచ్చి రాగిచేను తినేసినాయి అని తెలుగులో రాయప్పా, సాలు" అన్నాడు. అందరూ చూస్తుండగా జీపు ముందుభాగం మీద పెట్టి రాశాను. కంగారులో ఏనుగుకు కొమ్ము మరిచిపోతే, దాన్నీ ఆయనే దిద్దాడు.

పరిహారం ఆలస్యంగానైనా వచ్చింది. జీపు వచ్చిన ఆ రోజు సాయంత్రం మాత్రం అత్త పెట్టిన సంగటి ముద్ద ముందు తల ఎత్తలేకపోయాను. పోయిన చేనూ రాగిదే, పెట్టిన ముద్దా రాగిదే. ఎవరూ నన్ను తిట్టకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

"తప్పయిపోయింది మామా" అన్నాను.

"పోనీలేప్పా. ఈసారి ఏనుగులొస్తే నీ ఇంగ్లీషు సదివి ఇనిపిస్తాం. అవే పారిపోతాయి" అన్నాడు మామ.

అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రావడానికి చాలా ఏళ్లే పట్టింది.