రుమాలు కింద బేరం

మా నాయన బళ్ళారి పత్తి బజారులో దలాలి. ఆ కాలాన అక్కడ పెద్ద బేరాలు నోటితో జరిగేవి కావు. కొనేవాడూ అమ్మేవాడూ ఒకే రుమాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళు. పక్కవాడి చెవిన పడకూడదు. ధర పైకి అరిచేవాడికి మా నాయన దృష్టిలో మర్యాద తెలీదు.

దలాలీ సన్నగిల్లాక బొమ్మల అంగడి పెడదామని ఆయనకు బుద్ధి పుట్టింది. అప్పుడే కొండ కింద మైదానంలో పెద్ద ఎగ్జిబిషన్ వేశారు. బోర్డులన్నీ కన్నడంలో ఉంటాయని, హైస్కూల్లో చదువుతున్న నన్ను వెంటబెట్టుకుపోయాడు. కొత్త ఓణీ వేసుకుని, నాయన లేకపోతే ఇంకా బాగుండుననుకుంటూ నడిచాను.

గంధపు పెట్టెలు, కొమ్ము దువ్వెనలు, పింగాణీ కప్పులు నాయన కంటికి ఆనలేదు. నేరుగా బెంగుళూరు దగ్గరి చన్నపట్టణం లక్క బొమ్మల దగ్గరికి పోయాడు. అమ్మేది ఆ వైపు అమ్మాయే. చేతికి గడియారం కట్టుకుని ఉంది. అంగడికి సరిపడా సరుకు కావాలని నాయన అడిగితే ఆమె ధర చెప్పబోయింది.

"గట్టిగా చెప్పొద్దమ్మా, పక్కోళ్ళు వింటాండారు," అంటూ భుజం మీది రుమాలు తీసి ఆమె చేతి మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకున్నాడు.

పాపం, ఆయన చేసింది మర్యాదే. ఆడమనిషితో బేరమాడి ఎరగడు, అంతే.

"అయ్యో, కై బిడి!" చేయి వదలమని కేక పెట్టి ఆమె ఏడ్చేసింది. జనం మూగారు. పోలీసు వచ్చి నాయన రెక్క పట్టుకున్నాడు.

"ఏమప్పా, తల నెరిసినా బుద్ధి రాలేదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. గుంపులో మా స్కూలు పిల్లలెవరైనా ఉన్నారేమోనని ముందు వాళ్ళ కోసమే చూశాను. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"మా నాయన పత్తి దలాలి సార్! ఆయన బేరం చేసే పద్ధతే అది!" అని ఎట్లాగో అరిచాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. పోలీసు నవ్వలేదు.

"అట్లనా? అయితే నీ చేతిలో చెప్పమను. ఎంతో నువ్వు పైకి చెప్పు."

అంతమంది ముందు నాయన నా చేతి మీద రుమాలు కప్పాడు. మా ఇళ్ళలో ఆడపిల్లలకు ఆ వేళ్ళ లెక్క నేర్పరు. ఆ సంగతి పోలీసుకు తెలీదు. నాయన అరచేయి చెమటతో చల్లగా ఉంది. ఆ వేళ్ళ నుంచి నాకేమీ అందలేదు.

"డజను ఆరు రూపాయలు," అన్నాను. నోటికొచ్చిన మాట అది.

పోలీసు ఆయన వైపు తిరిగాడు. "అంతేనా?"

ధర విషయంలో నాయన అబద్ధమాడడని బజారంతా చెప్పుకునేది. ఆయన తల దించుకుని, "అంతే," అన్నాడు.

వదిలేశారు. నాయన ఆ అమ్మాయికి చేతులు జోడించాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, తనకు తెలీలేదంది. మేము బొమ్మలు కొనకుండానే బయటపడ్డాం.

జట్కా ఎక్కి చాలా దూరం వచ్చాక అడిగాను. "నాకు వేళ్ళ లెక్క రాదు నాయనా. ఇంతకీ నువ్వు చెప్పిందెంత?"

ఆయన ఒళ్ళో రుమాలు పెట్టుకుని మడత మీద మడత వేస్తున్నాడు.

"నేనేం చెప్పలేదు పాపా," అన్నాడు. "వేళ్ళు ఆడలేదు."