కొన్నిటికి అన్నారు, కొంచెం అనలేదు

మా గొర్రెల డాక్టరు సారు పామిడిలో పోయారని మొన్న సంతలో తెలిసింది.   పక్కనే ఉన్న మా బావ, నా పెనిమిటి అన్న, "మన గొర్రెపిల్లల్ని సంపించినోడు పోయినాడంట" అన్నాడు. నాకు అక్షరం ముక్క రాదు. ఆ మాట తప్పని మీకు చెప్పాలనే ఇది రాయిస్తున్నాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, తొలివానకు పచ్చిక మొలిచింది. ఆ గడ్డితో పాటే నట్టలూ, రక్తం తాగే పురుగులు, జీవాల కడుపులోకి పోయాయి. అప్పుడే మేత మరిగిన పిల్లలు నీళ్లగా పారుకుంటూ, దవడ కింద నీరు దిగి కూలబడ్డాయి. సారు వచ్చారు. మాలాగే దొడ్డి ముందర చెప్పులు విడిచారు. అరచేతులు రుద్దుకుని వెచ్చజేసుకున్నాకే పిల్లను పట్టేవారు. కనురెప్ప తిప్పి చూసి, ఎర్రగా ఉంటే వదిలేశారు. రక్తం లేక తెల్లబారితే పక్కన కట్టించారు.

"కొన్నిటికే పోయండక్కా మందు. పోసేదానికి నిండా పోయండి. గట్టి పిల్ల ఒళ్లు నట్టలతో పెనుగులాడేది నేర్చుకోవాల. అన్నీ మనమే సంపితే అది నేర్చేదెప్పుడు?"

గట్టి పిల్లకు కూడా ఒక గుక్క పోద్దామని నేను బతిమాలితే, "దానికి జబ్బు లేదు, నీకుండాది భయం. భయానికి నా దగ్గర మందు లేదు" అన్నారు. ఆయనవన్నీ అట్లాంటి మాటలే.

దొడ్డి బయట కుక్కను అదిలిస్తున్న మా బావ సగమే విన్నాడు. కొంచెమే పోయమన్నారని ఊరంతా చెప్పాడు. అందరూ అన్ని పిల్లలకూ అరగుక్క పోశారు. దానికి నట్టలు చావలేదు, నీరసించిన పిల్లలు చచ్చాయి. ఆ పైన సారును ఎవరూ దొడ్డిలోకి రానివ్వలేదు. నేను తగువుకు దిగితే ఆయనే ఆపారు. "పోగొట్టుకున్నోళ్లతో కొట్లాడద్దు. నీ మందను సూపించు, సాలు" అన్నారు.

చూపించాను. నావీ ఒకటి రెండు పోయాయి, దాచను. మిగిలినవి మరుసటి వానకు అదే పచ్చికలో తిరిగి, పారుడు లేక తోకలు పొడిగా, కండపట్టి నిలిచాయి. ఊరు నన్ను చూసి పద్ధతి మార్చుకుంది. సారు మీద పడిన నింద మాత్రం ఎవరూ తియ్యలేదు.

అందుకే మొన్న సంతలోనే బావను నిలదీశాను. "బావా, కొన్నిటికన్నాడు. కొంచెమనలే. నేను ఆడనే ఉన్నా."

"ఎప్పటి మాటలే అవి."

"పోయినోని మీద పడిన మాట పాతబడదు. పామిడికి పోదాం పా."

బస్సులో దారంతా బావ నాకేసి చూడలేదు. సారు ఇంటి ముందు మాత్రం నాకంటే ముందు నడిచాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మా, సారు సరిగానే సెప్పినాడు. నేనే తప్పు యిన్నా" అన్నాడు ఆయన భార్యతో.

ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మా బావ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. తాగలేదు, కింద పెట్టలేదు.