ఎదురుగా కూర్చున్న అక్క

నా చిన్నప్పుడు మా మొగల్తూరులో మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధిలోని ఆడవాళ్ళంతా మా అరుగు మీదకి చేరి లేసు అల్లేవారు. చేతిలో కొక్కెం సూది, ఒళ్ళో తెల్ల దారపు ఉండ, నోట్లో ఊళ్ళోవాళ్ళ సంగతులు. ఆ కబుర్ల కోసమైనా సరే, నాకూ అక్కడ చోటు కావాలి. సూది పట్టడం రానివాళ్ళని మాత్రం దగ్గరికి రానిచ్చేవారు కాదు.

నాదేమో ఎడమచేతి వాటం. అన్నం తినడం తప్ప అన్ని పనులూ ఎడమచేత్తోనే. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కుడిచేతిలో సూది పెట్టేది. రెండు కుట్లు పడేసరికి దారం చిక్కుపడిపోయేది. ఎడమచేతికి మార్చుకుంటే అమ్మ చేసేదంతా నాకు తారుమారుగా కనిపించేది. కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఇక ఈ పిల్లకి లేసు రాదని అమ్మ అందరి ముందూ తేల్చేసింది. నాకు ఏడుపు ఆగలేదు. నిజంగానే నా చెయ్యి చెడ్డదనుకున్నాను.

పక్కింటి అక్క అతుకు పని చేసేది, అంటే అందరూ అల్లిన పువ్వుల్ని కలిపి ఒక్క గుడ్డగా చెయ్యడం. ఆవిడ తన పని పక్కన పెట్టి, నా ఎదురుగా మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వచ్చి కూర్చుంది. సూది నా ఎడమచేతికే ఇచ్చింది.

"మా నాయనమ్మకి ఈ పని నేర్పిన దొరసానికి తెలుగు రాదంటమ్మా. చేతులు చూసే నేర్చుకుందంట. నువ్వూ నా చేతులు చూడు. అద్దంలో చూసుకున్నట్టు చెయ్యి."

అంటూ తనూ ఓ సూది అందుకుని అల్లడం మొదలుపెట్టింది. ఆవిడ కుడిచెయ్యి ఎటు కదిలితే నా ఎడమచెయ్యి అటే కదిలింది. దీపాలు పెట్టే వేళకి నా ఒళ్ళో ఒక పువ్వు ఉంది. వేయించిన అప్పడంలా వంకర తిరిగినా, పువ్వు పువ్వే. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మర్నాడు అరుగు మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

పెద్దయ్యాక నేను బడిలో టీచరునయ్యాను. ఎంత చెప్పినా తలకెక్కని పిల్లలు ఏటా ఎవరో ఒకరు ఉండేవారు. గొంతు పెంచబోయి, ఆగి, వెళ్ళి వాళ్ళ ఎదురుగా కూర్చునేదాన్ని. ఆ పాఠం వాళ్ళకి ఎలా కనిపిస్తోందో ముందు చూసేదాన్ని.

అక్క ఇప్పుడు లేదు. ఆవిడని తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ పూట ఆవిడ వచ్చి కూర్చోకపోతే, దేవుడిచ్చిన చేతిని జీవితమంతా తిట్టుకుంటూ బతికేదాన్ని.