మెట్లు దిగలేని రిబ్కమ్మ గారు

గుండుగొలను చర్చిలో ఆ ఆదివారం పాస్టరు గారు మంచి ఊపు మీదున్నారు. ఇశ్రాయేలు మీద క్షిపణులు పడుతున్నాయి, అంత్యదినాల గుర్తులు నెరవేరుతున్నాయి, ప్రభువు గుమ్మంలోకి వచ్చేశాడు అని ఆయన అంటుంటే, జనం చప్పట్లు కొట్టి ‘ఆమెన్’ అంటున్నారు.

దీవెనమ్మకు ఒళ్లు మండింది. చేపల చెరువు కాపలాకు వెళ్లిన మొగుడు పాముకాటుకు పోతే, పిల్లల చదువుల కోసం ఇశ్రాయేలు వెళ్లి, హైఫా ఊళ్లో రిబ్కమ్మ గారనే యూదు ముసలావిడకు ఏళ్ల తరబడి సేవ చేసి వచ్చిన మనిషి. ఇప్పటికీ ఆవిడకు ఫోన్ చేసి, “మందులేసుకున్నారా?” అని వాళ్ల భాషలో కేకలేస్తుంది. చర్చిలో మాత్రం ఏనాడూ నోరెత్తి ఎరగదు. ఆ రోజు నెత్తిన ముసుగు సర్దుకుని లేచి నిలబడింది.

“అయ్యగారండీ, ఒక ప్రార్థన మనవండి. మా రిబ్కమ్మ గారు మెట్లు దిగలేరండి. సైరన్ మోగితే కింద వాటాలో ఉండే అరబ్బు మేస్త్రీ గారొచ్చి, ఆవిణ్ణి ఎత్తుకుని షెల్టర్‌లోకి దించుతారండి. ప్రభువు రావాలని నేనూ రోజూ అడుగుతానండి. కానీ వాళ్లిద్దరూ మెట్ల మీదుండగా మనం చప్పట్లు కొట్టొద్దండి.”

పాస్టరు గారు చేతిలోని బైబిలు మూశారు. ప్రార్థనకు మోకాళ్ల మీదికి వంగుతూ అడిగారు.

“ఆ మేస్త్రీ గారి పేరేంటమ్మా?”