బడికప్పు కింద కట్టిన చాందినీ

మా చిన్నప్పుడు... అని ఆరంభించుటకు ముందు ఒక మనవి. జ్ఞాపకాలు సమర్పించడానికి ఒక పద్ధతి ఉన్నది. ముందు విషయం, పిదప సాక్ష్యం, చివర నష్టం. దుఃఖం ఉన్నచో విడిగా జతపరచవలెను. ఈ పోస్టు ఆ క్రమాన్ని సాధ్యమైనంత వరకు పాటిస్తుంది...

పెద్దపల్లికి అవతల, వాగు ఒడ్డున మా మగ్గాల ఊరు. బడి అంటే ఒక గది, ఒక పంతులు, నాలుగు తరగతులు. పెంకుల కప్పుకు పెద్ద చిల్లు... వాన పడితే పాఠం గోడవారన నిలబడి వినేవాళ్ళం.

ఐదో తరగతి వాగు దాటాక పెద్ద ఊళ్ళో ఉండేది. ఆడపిల్లలను వాగు దాటనిచ్చేవారు కాదు. మా అక్క రాజవ్వ నాలుగు పాసై, ఐదు మా ఊరికే వస్తుందన్న ఆశతో మళ్ళీ నాలుగులోనే కూర్చుంది.

ఆ ఏడు కబురు వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి మా ఊరి బడీ, పెద్ద ఊరి బడీ రెండూ చూస్తారు. ఎక్కువ అవసరం ఉన్న బడికి కొత్త కప్పు, ఇంకో తరగతి, ఇంకో పంతులు. ఒక్క బడికే.

"ఉన్నది ఉన్నట్టే చూపెడ్దాం మల్లయ్యా. చిల్లు చూస్తెనే గద మంజూరు జేస్తరు" అన్నారు పంతులు, మా బాపుతో.

బాపు నొచ్చుకున్నాడు. "గదేం మాట సారూ! మనూరికి సుట్టం లెక్క వస్తుండు. సుట్టాన్ని చిల్లు కింద కూసోబెడ్తమా? ఊరి ఇజ్జత్ ఏం గావాలె?"

పెండ్లికి పక్క ఊరి నుంచి సామాను అడిగి తెచ్చుకోవడం మా వైపు ఆచారం. ఆ ఆచారం ప్రకారమే పెద్ద ఊరి బడి నుంచి కుర్చీ, బల్లలు, గోడ గడియారం, దేశపటం బండి మీద వచ్చాయి. చిల్లు కనిపించకుండా కట్టడానికి బాపు తెల్లని చాందినీ నేశాడు. దానికి రాట్నం మీద నూలు కండెలు చుట్టింది అక్కే...

"బాపూ, గిది కడితే ఐదో తరగతి వస్తదా?"

"రాకేంది బిడ్డా! గింత మంచిగ జేస్తున్నం గద."

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. పైకి చూసి తల ఊపారు. అక్క తడబడకుండా పాఠం చదివింది. ఆయన సంతోషించి, "ఇక్కడ ఏమైనా ఇబ్బంది ఉందా అమ్మా?" అని అడిగారు.

అక్క బాపు వైపు చూసింది. సుట్టం ముందు ఇంట్లో లేనిది చెప్పకూడదని మాకు నేర్పారు.

"ఏం లేదు సార్... అన్నీ మంచిగున్నయ్."

ఆయన మరునాడు పోవలసిన పెద్ద ఊరికి ఆ సాయంత్రమే పోయారు. సామానంతా మా దగ్గరే ఉంది. అక్కడి పిల్లలు నేల మీద కూర్చున్నారు. గోడలకు మేకులు మాత్రమే ఉన్నాయి...

నివేదిక న్యాయంగానే వచ్చింది. మా బడి సుసంపన్నం, సహాయం అనవసరం. వారి బడిలో అధికారి కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు, వెంటనే మంజూరు. పంతులు అర్జీ పెట్టారు. అన్నీ బాగున్నాయని విద్యార్థినియే స్వయంగా చెప్పినట్టు నమోదైందని, కావున అర్జీ తిరస్కరించడమైనదని జవాబు వచ్చింది.

ఆ జవాబును పంతులు మా ఇంటి ముందు చదివారు. లోపల అక్క తిప్పుతున్న రాట్నం ఆగింది... కాసేపటికి మళ్ళీ తిరిగింది. అక్క బడికి రాలేదు. ఐదో తరగతి గురించి మళ్ళీ ఎవరినీ అడగలేదు. బాపు ఆ చాందినీని అమ్మలేదు, కత్తిరించలేదు. అక్క పోయి నాలుగేళ్ళు... అది ఇప్పుడు నా పెట్టెలో ఉంది.

ఇప్పుడు మా బడికి పక్కా కప్పు ఉంది. దాని కింద కూర్చునే పిల్లలే లేరు...

మీ ఊరి బడి కప్పు జ్ఞాపకాలు ఉన్నచో కింద జతపరచగలరు. అయితే ఒక నిబంధన. ఇకమీదట వచ్చిన అధికారిని చిల్లు కిందే కూర్చోబెట్టవలెను. వాన లేని రోజున వచ్చినచో, వాన పడువరకు లేవనీయరాదు. ఇది తుది నిర్ణయం. అప్పీలు లేదు.