పులి ముక్కుకి పని

కూర్చో సిరీ, సరిగ్గా కూర్చుని విను. ఆ ఫోన్లో రికార్డింగు పెట్టి పక్కన పడెయ్, మధ్యలో మెసేజీలు చూడకు. ఆ చప్పుడు వినిపిస్తోందా? పై వాటా వాళ్ల కుక్క గొలుసు. పొద్దుటి నుంచి గచ్చు మీద ఈడ్చుకుంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అది వింటే నాకు కాలు ఒకచోట నిలవదు. ఈ గుడివాడ ఇంట్లో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే బందరు వెళ్లిపోతాను, ఖాదర్ మావయ్య అద్దకం షెడ్డుకి.

నువ్వు పుట్టకముందు సంగతి. నేను ఆయన దగ్గర పనిచేసేదాన్ని. చుట్టం కాదు, షెడ్డులో అందరికీ ఆయన మావయ్యే. పొడుగ్గా, కాస్త వంగిన వీపుతో, గోళ్లలో ఎప్పుడూ ఎర్రరంగుతో ఉండేవారు. కలంకారీ బట్టకి అచ్చు వేసే ముందు దాన్ని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో ముంచి ఎండబెట్టాలి, అప్పుడే రంగు చెదరదు. ఆ ముంచడం, కాలవగట్టు మీద పరవడం నా పని. ఎండకి ఆ పాలవాసన మనకే ముక్కు అదరగొట్టేది, ఇక కుక్కకి చెప్పాలా? నా వెనకాలే ఒక కుక్కపిల్ల వచ్చి చేరింది. ఎముకలన్నీ బయటికి కనపడేవి, అయినా పులి అని పేరు పెట్టాను. అందరూ నవ్వేవాళ్లు. పెరిగేకొద్దీ దానికి పాలగుడ్డ పిచ్చి పట్టింది. ఎండేసిన తానుల్ని నాకడం, కొరకడం, ఈడ్చుకుపోవడం. కట్టేస్తే గుంజ చుట్టూ తిరిగి తిరిగి మెడంతా ఒరుసుకుపోయింది.

మావయ్య అల్లుడు రఫీ అప్పుడే షెడ్డు పనులు చూసుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు చిరిగిన తాను తెచ్చి నా ముందు పడేశాడు.

"రత్నమక్కా, ఇంకొక్క తాను చిరిగిందా, నీ పులిని ఆటో ఎక్కించి హంసలదీవిలో వదిలేసి వస్తా. అక్కడ సముద్రాన్ని చూసి మొరుగుతుంది."

"అది లేకపోతే నేనూ రాను బాబూ."

"మరీ మంచిది, ఇద్దరి గోలా వదుల్తుంది."

నవ్వుతూనే అన్నాడు గానీ, అన్నంత పనీ చేసే మనిషి. నాకైతే నా కడుపున పుట్టినదాన్ని వదిలేసి వస్తామన్నట్టే ఉంది.

ఖాదర్ మావయ్య పులిని ఎప్పుడూ ముట్టుకునేవారు కాదు. నమాజు చేసుకునే బట్టలకి కుక్క ఎంగిలి తగలకూడదని, అది దగ్గరికొస్తే లుంగీ పైకి లాక్కుని పక్కకి తప్పుకునేవారు. ఆ మనిషే గుంజకి అల్లంత దూరంలో నిలబడి దాన్ని చాలాసేపు చూశారు.

"దీనికి ఆకలి కాదు రత్నం, ఊసుపోవట్లేదు. అంత ముక్కు పెట్టుకుని దానికి పనేం ఉంది? తిండి గిన్నెలో పెట్టకు, వెతుక్కుని తిననీ."

"ముట్టుకోనైనా ముట్టుకోరు, దాని మనసులో మాట మీకెలా తెలిసింది మావయ్యా?"

"ముట్టుకోకూడదు గానీ చూడకూడదా? తిండి పెట్టకూడదా?" అని షెడ్డులో మిగిలిన గుడ్డపీలికలు ఒక గుప్పెడు తెచ్చిచ్చారు.

పీలికల్లో ఎండు రొయ్యలు మూటకట్టి, గోనెసంచుల కిందా పాత అచ్చుల మధ్యా దాచి, పులిని విప్పి "వెతుకు" అనేదాన్ని. అది ముక్కు నేలకి ఆనించి బుసబుసలాడుతూ తిరిగేది. నాకేమో ఓపిక ఉండేది కాదు. అది మూట పక్కనుంచే వెళ్లిపోతుంటే ప్రాణం కొట్టుకుపోయేది. "అక్కడే, అక్కడే!" అని వేలు పెట్టి చూపించేదాన్ని. అంతే, అది వాసన చూడడం మానేసి నా మొహం చూస్తూ కూర్చునేది.

"నువ్వు చూపిస్తుంటే దానికి ముక్కెందుకు? చేతులు వెనక్కి కట్టుకో" అనేవారు మావయ్య. అనడమే కాదు, ఆయన కూడా కట్టుకుని నిలబడేవారు. అలా ఊరికే నిలబడడం కంటే బానల కొద్దీ పాలు మోయడం తేలిక అనిపించేది నాకు.

ఇంతలో మా ఆట మా కొంపే ముంచింది. ఆ పీలికలు కూడా పాలల్లో ముంచినవే కదా! మాకు ఆ వాసన అలవాటైపోయి తట్టనే లేదు. పులి కట్టు తప్పించుకుని గట్టు మీదకి పోయి, తానుల మడతలన్నీ ఒక్కొక్కటే విప్పి రొయ్యలు వెతుకుతోంది. ఒక తాను సగానికి చిరిగింది. రఫీ ఆటో పిలవడానికి ఫోను తీశాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను.

మావయ్య అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "గుడ్డలో వెతకమని నేర్పింది నేను అల్లుడూ. అది చక్కగా నేర్చుకుంది. హంసలదీవికి పంపాలంటే నన్ను పంపించు, ఆటో పిలువు."

పనివాళ్లందరి ముందూ ఆ మాటన్నారు. రఫీ ఒకసారి పనివాళ్ల వైపు చూశాడు. "వచ్చే పాలతడుపు దాకా చూస్తాను మామా, ఆ తర్వాత ఎవరి మాటా వినను" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి గుడ్డ ఊసే లేదు. షెడ్డు వెనక వరిగడ్డి కుప్ప వేయించారు. గడ్డి అడుగున, కొబ్బరిపీచులో, బోర్లించిన మూకుడు కింద రొయ్యపొట్టు దాచేవాళ్లం. రోజూ నేను పనిలోకి దిగే ముందే పులికి వెతుకులాట. తృప్తిగా వాసన చూసి తవ్వుకుని తిని, ఆ తర్వాత గుమ్మం పక్కన కాళ్లు చాపుకుని పడుకునేది. అది అంత నిద్రపోగలదని నాకప్పటిదాకా తెలియదు.

తడుపు రోజు వచ్చింది. గట్టుకి అటూ ఇటూ పాలగుడ్డలు, మధ్యలో సన్నటి దారి. రఫీ దగ్గరుండి పులిని విప్పించాడు. అది మొదటి తాను దగ్గర ఆగి అంచు మీద ముక్కు పెట్టింది. నా చెయ్యి లేచింది, "ఛీ" అనబోయాను.

"చెయ్యి వెనక్కి" అన్నారు మావయ్య మెల్లగా.

కట్టుకున్నాను. నా గోళ్లు నా అరచేతిలోనే దిగుతున్నాయి. పులి వాసన చూసింది, ఇంకా చూసింది, ఒక తుమ్ము తుమ్మి, తానుల మధ్య నుంచి నడుచుకుంటూ తిన్నగా గడ్డికుప్పకి వెళ్లిపోయింది. రఫీ దాని తాడు చుట్టి గుంజకి తగిలించాడు. "రేపు మంగినపూడి వెళ్తున్నానక్కా. నీ పులికి రొయ్యపొట్టు పట్టుకొస్తాలే."

మావయ్య పోయాక కూడా పులి చాన్నాళ్లు బతికింది. ఆయన చివరిదాకా దాన్ని ముట్టుకోలేదు, చూడకుండా ఒక్క పూటా ఉండలేదు. నా తొందర మాత్రం ఎక్కడికీ పోలేదు. మీ అమ్మ ఉద్యోగం మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్న రోజుల్లో, ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! చేతులు వెనక్కి కట్టుకుని వంటింట్లో తిరిగాను. తన దారి తనే వెతుక్కుంది. నీ దగ్గరే నాకు ఆగట్లేదు సిరీ. ఇంటర్ అయిపోయింది, ఏం చదవాలో తేలక మంచం నిండా కాగితాలు పరుచుకున్నావు. చెప్పకూడదనే ఉన్నాను. ఇన్నాళ్లూ చెప్పలేదు కూడా. కానీ నీకేది నప్పుతుందో నాకు తెలుసు కదే! ఒక్క మాట అంటాను, ఒక్కటే...

"అమ్మా, అన్నం చల్లారిపోతోంది! సిరీ, అమ్మమ్మని తీసుకురా!"

వస్తున్నానే, అరవకు! పద, మీ అమ్మ ఊరుకోదు. ఆ రికార్డింగు అప్పుడే ఆపకు, ఇంతకీ నేననేది ఏంటంటే, నువ్వు—